డచ్ దీర్ఘసమాసాలలో అక్షరవిభజన, ఊనిక: చారిత్రక పరిశీలన

ప్రవేశిక

డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కోరమాండల్ తీరంలో పనిచేసిన డేనియల్ హావర్ట్ రచించిన గ్రంథం 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. మచిలీపట్నం, గోల్కొండ ప్రాంతాల పదిహేడో శతాబ్ది చరిత్రకు ముఖ్యమైన ఆకరాలలో అది ఒకటి. దాని పేరు ‘ఒప్- ఎన్ ఒండర్‌ఖంగ్ ఫన్ కోర్మండల్’. కోరమాండల్ ఉత్థానపతనాలు అని దాని అర్థం. చరిత్రకారుల దృష్టి సహజంగా గ్రంథవిషయం మీద ఉంటుంది. భాషాధ్యయనపరులు మాత్రం ఆ శీర్షికలోని మొదటి పదం దగ్గర ఆగవలసి ఉంటుంది. ‘ఒప్‌ఖంగ్’ అంటే పైకి పోవడం, ‘ఒండర్‌ఖంగ్’ అంటే కిందికి పోవడం. రెండింటికీ ఉత్తరపదం ‘ఖంగ్’ ఒకటే. మొదటి సమాసంలో దానిని లోపింపజేసి, ఆ స్థానంలో ఒక చిన్న గీతను ఉంచారు. ‘ఒప్’ అనే పూర్వపదం తన ఉత్తరపదం కోసం ఎదురుచూస్తూ ఒంటరిగా నిలిచింది.

డచ్ భాషలో ఇది నేటికీ నిత్యవ్యవహారం. వ్యవసాయ, ఉద్యానకృషులను కలిపి చెప్పేటప్పుడు ‘లంట్- ఎన్ టుయ్న్‌బౌ’ అంటారు. సమాసంలోని ఒక అవయవాన్ని ఇలా విడదీసి నిలబెట్టడం సాధ్యమవుతున్నదంటే, సమాసం ఏకపదమైన తరువాత కూడా దాని అవయవాలు ధ్వనిపరంగా తమ ప్రత్యేకతను కోల్పోలేదని అర్థం. తెలుగు, సంస్కృత సమాసాలలో సంధి అవయవాల మధ్య సరిహద్దును చెరిపివేస్తుంది. ‘విద్యాలయం’లో పూర్వపదం ఎక్కడ ముగిసి ఉత్తరపదం ఎక్కడ మొదలైందో చూపటానికి దీర్ఘాచ్చును రెండుగా చీల్చవలసి వస్తుంది. డచ్ సమాసం ఇందుకు భిన్నమైన దారిలో నడిచింది.

డచ్ దీర్ఘసమాసాలలో అక్షరవిభజన దేనిని అనుసరిస్తుంది, ఊనిక ఎక్కడ నిలుస్తుంది, ఈ రెండింటినీ వ్యాకర్తలు, ప్రభుత్వాలు, ముద్రణాయంత్రాలు కాలక్రమంలో ఎలా అర్థం చేసుకొన్నాయి అనే మూడు ప్రశ్నలను పరిశీలించటం ఈ వ్యాసం లక్ష్యం. సమాసంలోని విభజనరేఖ కేవలం ముద్రణాసౌకర్యం కాదనీ, అది ఒక భాషాసమాజం తన పదాల నిర్మాణాన్ని ఎంతవరకు గుర్తుంచుకొన్నదో తెలిపే సాక్ష్యమనీ ఇక్కడి ప్రతిపాదన. డచ్ పదాలను ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది. ఆ భాషలోని కంఠ్య ఊష్మధ్వనికి ‘ఖ’కారాన్ని వాడటమైనది. ‘అక్షరం’ అనే మాట ఉచ్చారణలోని అక్షరానికీ, ‘వర్ణం’ అనే మాట లిపిలోని గుర్తుకూ ఉద్దిష్టం.

ఊనిక: జర్మానిక్ వారసత్వం

డచ్, జర్మన్, ఇంగ్లీషు భాషలకు మూలమైన ప్రాచీన జర్మానిక్ భాషలో ఊనిక పదాదికి స్థిరపడింది. అంతకుముందు ఇండో-యూరోపియన్ దశలో స్వరం పదంలో ఏ అక్షరం మీదనైనా నిలవగలిగేది. వైదిక సంస్కృతంలోని ఉదాత్తం ఆ స్థితిని నిలుపుకొన్నది. జర్మానిక్ శాఖలో జరిగిన ఈ మార్పు ఫలితం దూరగామి అయింది. ఊనిక పొందిన మొదటి అక్షరం బలపడింది. తరువాతి అక్షరాలలోని అచ్చులు క్రమంగా బలహీనమై, చివరకు అస్పష్టమైన హ్రస్వధ్వనిగా మిగిలాయి.

ఈ బలహీనత పాత సమాసాలను సైతం విడిచిపెట్టలేదు. ప్రపంచం అనే అర్థంలోని ‘వేరల్ట్’ ఒకప్పుడు ‘మనిషి’, ‘యుగం’ అనే రెండు పదాల సమాసం. దేహవాచకమైన ‘లిఖామ్’ ‘మాంసం’, ‘కప్పు’ అనే అర్థాలు గల పదాల కలయిక. ‘యోంక్‌ఫ్రౌ’ అనే సమాసం నుంచి ‘యుఫ్రౌ’, ‘బోమ్‌ఖార్ట్’ అంటే చెట్ల తోట అనే సమాసం నుంచి ‘బొంగర్ట్’ అనే రూపం ఏర్పడ్డాయి. నేటి డచ్ వ్యవహర్తకు వీటిలో సమాసత్వం స్ఫురించదు. ఉత్తరపదం ఊనిక కోల్పోయింది, అచ్చు క్షీణించింది, అర్థం మరుగున పడింది. సరిహద్దు చెరిగిపోవటంతో అక్షరవిభజన కూడా మారింది. ‘లి-ఖామ్’, ‘యుఫ్-రౌ’ అని ధ్వనిని అనుసరించే విడదీస్తారు.

స్పష్టంగా గుర్తించదగిన సమాసాలలో మాత్రం రెండు అవయవాలూ తమ ఊనికను నిలుపుకొంటాయి. ప్రధానమైన ఊనిక పూర్వపదం మీద, గౌణమైన ఊనిక ఉత్తరపదం మీద ఉంటాయి. ‘నగరప్రాకారం’ అనే అర్థంలోని ‘స్టట్స్‌మ్యూర్’లో మొదటి అక్షరం బలంగా పలుకుతుంది, అయినా ‘మ్యూర్’లోని అచ్చు క్షీణించదు. గౌణమైన ఊనికే ఆ అచ్చును రక్షిస్తున్నది.

ఈ సూత్రానికి అపవాదాలు లేకపోలేదు. నగరసభాభవనాన్ని తెలిపే ‘స్టట్‌హుయ్స్’లో ఊనిక ఉత్తరపదం మీద పడుతుంది. నగరాధ్యక్షుణ్ణి తెలిపే ‘బుర్ఖమేస్టర్’లోనూ అంతే. ప్రత్యయం చేరినప్పుడు ఊనిక స్థానం మారటం మరొక విశేషం. దుర్విధి అనే అర్థంలోని ‘నోట్‌లొట్’లో మొదటి అక్షరానికి ఊనిక ఉండగా, దాని నుంచి ఏర్పడిన విశేషణం ‘నోట్‌లొటఖ్’లో అది రెండో అక్షరానికి జరుగుతుంది.

ఊనిక అర్థభేదకం కావటం ఇంకా ముఖ్యమైన విషయం. ‘ఫోర్‌కోమన్’ అనే క్రియలో ఊనిక ‘ఫోర్’ మీద ఉంటే సంభవించడం అనీ, ‘కో’ మీద ఉంటే నివారించడం అనీ అర్థం. మొదటి దానిలో ఉపసర్గ వాక్యంలో క్రియ నుంచి విడిపోతుంది, రెండో దానిలో విడిపోదు. హావర్ట్ శీర్షికలోని ‘ఒండర్’ కూడా ఇటువంటిదే. ‘ఒండర్‌ఖాన్’ అనే క్రియకు ఆద్యక్షరం మీద ఊనిక ఉంటే అస్తమించడం, చివరి అక్షరం మీద ఉంటే అనుభవించడం అని అర్థం. ‘స్టేన్‌రెయ్క్’ అనే విశేషణంలో పూర్వపదానికే ప్రధాన ఊనిక ఉంటే రాళ్లు సమృద్ధిగా గల నేల, ఉత్తరపదానికి కూడా బలమైన ఊనిక ఉంటే మహాధనికుడు.

స్వరం సమాసార్థాన్ని నిర్ణయించటం తెలుగు పండితులకు కొత్త విషయం కాదు. ‘ఇంద్రశత్రు’ వృత్తాంతం వ్యాకరణాధ్యయన ప్రయోజనానికి నిదర్శనంగా మహాభాష్యం నాటి నుంచి ప్రసిద్ధం. అంత్యోదాత్తమైతే తత్పురుషం, అంటే ఇంద్రుణ్ణి చంపేవాడు. పూర్వపదస్వరం నిలిస్తే బహువ్రీహి, అంటే ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు. త్వష్ట చేసిన స్వరదోషం వృత్రుని మరణానికి కారణమయింది. తెలుగులో ఊనిక అర్థభేదకం కాకపోవటం వల్ల ఆ కథ మనకు శాస్త్రోదాహరణగానే మిగిలింది. డచ్ వ్యవహర్తకు అటువంటి భేదం నిత్యానుభవం.

ఊనిక విషయాన్ని చారిత్రకదృష్టితో పరిశీలించిన తొలి డచ్ పండితులలో లాంబర్ట్ టెన్ కాటె అగ్రగణ్యుడు. 1710లో అతడు గోథిక్, డచ్ భాషల సామ్యాన్ని చర్చించాడు. 1723లో వెలువరించిన బృహద్గ్రంథంలో జర్మానిక్ పదాలలో ఊనిక అర్థప్రధానమైన ధాతుభాగాన్ని ఆశ్రయిస్తుందని గుర్తించాడు. ధ్వనిబలానికీ అర్థబలానికీ సంబంధాన్ని చూపిన ఈ పరిశీలన, జాకబ్ గ్రిమ్ జర్మన్ వ్యాకరణం కంటే సుమారు ఒక శతాబ్దం ముందుది.

లిపికి ఆధారం అక్షరం

డచ్ వర్ణక్రమం అక్షరవిభజన మీదనే ఆధారపడి ఉంది. హల్లుతో ముగిసే సంవృతాక్షరంలో దీర్ఘాచ్చును రెండు వర్ణాలతో రాస్తారు. అచ్చుతో ముగిసే వివృతాక్షరంలో ఒక వర్ణం చాలు. చంద్రుణ్ణి తెలిపే ‘మాన్’లో ‘అ’కారవర్ణం రెండుసార్లు వస్తుంది, దాని బహువచనం ‘మా-నన్’లో మొదటి అక్షరం వివృతం కాబట్టి ఒక్కసారే వస్తుంది. మనిషిని తెలిపే ‘మన్’కు బహువచనం చేసేటప్పుడు హ్రస్వత్వాన్ని కాపాడటానికి నకారాన్ని రెండుసార్లు రాసి ‘మన్-నన్’ అని విడదీస్తారు. అందువల్ల పదాన్ని అక్షరాలుగా విడదీయటం తెలియనివాడు డచ్‌ను తప్పులేకుండా రాయలేడు. తెలుగులో గురులఘువిభజన ఛందస్సుకు పునాది అయితే, డచ్‌లో అక్షరవిభజన లేఖనానికే పునాది.

ఇక్కడ సమాసం ఒక సమస్యను తెచ్చిపెడుతుంది. పూర్వికులను తెలిపే ‘ఫోర్-ఔడర్స్’ అనే పదంలో రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంది. సాధారణ సూత్రం ప్రకారం ఆ హల్లు తరువాతి అక్షరానికి చెందాలి, మొదటి అక్షరం వివృతం కావాలి, ‘ఓ’కారం ఒక్క వర్ణంతో రాయబడాలి. వాస్తవంలో ఆ వర్ణం రెండుసార్లు రాయబడుతుంది. ‘ఫోర్’ అంటే ముందు, ‘ఔడర్స్’ అంటే తల్లిదండ్రులు. ఈ రెండింటి మధ్య ఉన్న సరిహద్దు సాధారణ అక్షరసూత్రాన్ని అడ్డుకొంటున్నది. పదనిర్మాణస్మృతి ధ్వనిసూత్రం మీద ఆధిక్యాన్ని వహించిన సందర్భమిది.

ఈ విషయాల మీద చర్చ పదహారో శతాబ్దిలోనే మొదలయింది. 1550లో గెంట్ నగరంలో యోస్ లాంబ్రెఖ్ట్ వర్ణక్రమగ్రంథాన్ని ప్రకటించాడు. 1584లో ఆమ్‌స్టర్‌డామ్ కవిసమాజం పేరిట ‘ట్వే-స్ప్రాక్’ అనే సంవాదరూప వ్యాకరణం వెలువడింది. హెన్డ్రిక్ లౌరెన్స్‌జోన్ స్పీఖల్ దాని ప్రధానకర్తగా పరిగణింపబడుతున్నాడు. ముద్రితమైన మొదటి సమగ్ర డచ్ వ్యాకరణంగా దానికి చరిత్రలో స్థానం లభించింది. స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు సాగుతున్న ఆ కాలంలో దేశభాష శాస్త్రభాష కాగలదని నిరూపించటం వ్యాకర్తలకు రాజకీయావసరం కూడా అయింది.

ఆ నిరూపణను సమాసం మీద నిలిపినవాడు గణితవేత్త సైమన్ స్టెవిన్. 1586లో లైడెన్‌లో ప్రకటించిన స్థితిశాస్త్ర గ్రంథానికి అతడు డచ్ భాషాఘనతను గురించిన ప్రసంగాన్ని ముందు చేర్చాడు. డచ్‌లో ఏకాక్షరపదాలు లాటిన్, గ్రీకు భాషలలో కంటే అనేక రెట్లు అధికమని పట్టికలు ఇచ్చి చూపాడు. ఏకాక్షరపదాలు ఎక్కువగా ఉన్న భాషలో సమాసాలను సులభంగా, పొదుపుగా నిర్మించవచ్చు. ప్రతి అవయవం స్పష్టంగా వినిపిస్తుంది. కనుక శాస్త్రపరిభాషకు అటువంటి భాష మిక్కిలి అనుకూలం అన్నది అతని వాదం. గణితశాస్త్రానికి ‘నిశ్చితవిద్య’ అనే అర్థంలో అతడు వాడిన ‘విస్‌కోన్స్ట్’ అనే సమాసం ‘విస్‌కుండ’ రూపంలో నేటికీ నిలిచి ఉంది. పశ్చిమ యూరప్ భాషలు పెక్కు గణితానికి గ్రీకు పదాన్నే వాడుతుండగా డచ్ తన సమాసాన్ని వాడుతున్నది. అక్షరసంఖ్యను భాషాసామర్థ్యానికి కొలమానంగా తీసుకోవటాన్ని నేటి భాషాశాస్త్రం అంగీకరించదు. అయినా సమాసబలం అవయవాల స్పష్టతలో ఉందని గుర్తించటంలో స్టెవిన్ చూపు సూక్ష్మమైనది.

సంధి జరుగుతుంది, సరిహద్దు నిలుస్తుంది

డచ్ సమాసాలలో సంధి అసలే లేదనుకొంటే పొరపాటు. హల్సంధి పుష్కలంగా ఉంది. ‘జక్’ అంటే జేబు, ‘డుక్’ అంటే గుడ్డ. రెండూ కలిసి జేబురుమాలు అనే అర్థమిచ్చే సమాసం ‘జగ్‌డుక్’ అని పలుకబడుతుంది. పరమైన దకారసదృశధ్వని ప్రభావంతో పూర్వపదాంతంలోని పరుషం సరళమయింది. వాక్కు, దానం కలిసి ‘వాగ్దానం’ అయినప్పుడు జరిగే మార్పు వంటిదే ఇది. తుండుగుడ్డను తెలిపే ‘హండ్‌డుక్’లో రెండు సమానహల్లులు కలిసి ఒక్కటిగా వినిపిస్తాయి. రాతలో మాత్రం రెండూ ఉంటాయి.

అచ్చు పరమైనప్పుడు పరిస్థితి వేరు. డచ్‌లో అక్షరాంతంలోని సరళం పరుషమవుతుంది. ‘చేయి’ని తెలిపే పదం రాతలో డకారాంతమైనా ఏకవచనంలో ‘హంట్’ అని, బహువచనంలో ‘హండన్’ అని పలుకబడుతుంది. బహువచనంలో ఆ హల్లు తరువాతి అచ్చుతో కలిసి రెండో అక్షరాన్ని మొదలుపెడుతుంది కాబట్టి సరళత్వం నిలిచింది. సమాసంలో ఉత్తరపదం అచ్చుతో మొదలైనప్పుడు కూడా ఇలాగే జరగాలి. కాని పోలీసుశాఖలో ఒక హోదాను తెలిపే ‘హోఫ్ట్-ఆఖెంట్’లో పూర్వపదం రాతలో డకారాంతమైనా టకారంగానే పలుకుతుంది. అంటే ఆ హల్లు తరువాతి అచ్చుతో కలవలేదు, అక్షరాంతంగానే ఉండిపోయింది. సమాసంలోని సరిహద్దే అక్షరసీమ అయిందనటానికి పరుషోచ్చారణ తిరుగులేని ప్రమాణం. 1995లో ప్రకటితమైన డచ్ ధ్వనిశాస్త్రగ్రంథంలో ఖేర్ట్ బోయ్ ఇటువంటి ఆధారాలతోనే సమాసావయవాలు వేరువేరు ధ్వనిపదాలని నిరూపించాడు. ‘లంట్- ఎన్ టుయ్న్‌బౌ’ వంటి లోపప్రయోగాలు కూడా ఆ నిరూపణలో భాగమే.

దీనికి విరుద్ధంగా కనిపించే ఒక పదం ఈ చర్చకు కీలకం. బంగాళాదుంపను డచ్‌లో ‘భూమి ఆపిల్’ అంటారు. ‘భూమి’ని తెలిపే ‘ఆర్ట్’, ఫలాన్ని తెలిపే ‘అపల్’ దాని అవయవాలు. పై సూత్రం ప్రకారం అది ‘ఆర్ట్-అపల్’ అని వినిపించాలి. జనవ్యవహారంలో అది ‘ఆర్-డపల్’. డకారం పరుషం కాలేదు, తరువాతి అచ్చుతో కలిసిపోయింది. నిత్యం వాడే పదం కావటం వల్ల వ్యవహర్త చెవికి ఇందులో సమాసత్వం మరుగునపడింది. అధికారిక పదపట్టిక మాత్రం పంక్తి చివర దానిని ‘ఆర్డ్-అప్-పల్’ అనే విడదీయాలంటుంది. నాలుక మరచిన సరిహద్దును లిపి గుర్తుంచుకొన్నది. ‘లిఖామ్’ ఇప్పటికే దాటిన దారిలో ‘ఆర్డపల్’ సగం దూరం వచ్చి ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా కాలానిదే తప్ప స్వభావానిది కాదు.

సభంగశ్లేష: కన్నుకు మాత్రమే

వ్యస్తరూపంలో రాసే ఇంగ్లీషు సమాసాలకు భిన్నంగా డచ్ సమాసాలను కలిపి రాస్తారు. అందువల్ల ఒకే వర్ణశ్రేణి రెండు విధాలుగా విరగటానికి అవకాశం ఏర్పడుతుంది. ‘ఫల్-కుయ్ల్’ అని విడదీస్తే మాటుగొయ్యి. ‘ఫల్క్-ఉయ్ల్’ అని విడదీస్తే ‘డేగగుడ్లగూబ’ అనే అర్థం రావాలి. ‘క్వర్ట్-స్లాఖన్’ అంటే పావువంతు తిప్పులు. ‘క్వర్ట్స్-లాఖన్’ అంటే స్ఫటికశిలల పొరలు. ఇది మన అలంకారశాస్త్రంలోని సభంగశ్లేష. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ చదివినవారికి పదాన్ని భిన్నంగా విరిచి భిన్నార్థాలను సాధించే ప్రక్రియ సుపరిచితం.

అయితే ఒక మౌలికమైన భేదం ఉంది. డచ్‌లో ఒక వర్ణశ్రేణిని ‘మసాఝ-బెట్’ అని చదివితే ఒళ్లు మర్దన చేసే పడక, ‘మస్స-ఖబెట్’ అని చదివితే సామూహికప్రార్థన. కాగితం మీద ఈ రెండూ అభిన్నాలు. ఉచ్చరించినప్పుడు మొదటి దానిలో ఊనిక రెండో అక్షరం మీద, రెండో దానిలో మొదటి అక్షరం మీద పడుతుంది. అచ్చుల నిడివి, హల్లుల స్వభావం కూడా వేరవుతాయి. విన్నవాడికి సందేహం కలగదు. ‘ఫల్-కుయ్ల్’, ‘ఫల్క్-ఉయ్ల్’ వంటి వాటిలో ఊనిక స్థానం ఒకటే అయినా, హల్లు ఏ అక్షరానికి చెందిందో జాగ్రత్తగా పలికితే తెలుస్తుంది. అంటే డచ్‌లో సభంగశ్లేష ప్రధానంగా కంటికి కలిగే భ్రమ. దానిని చెవి నివారిస్తుంది. తెలుగులో ఊనిక అర్థభేదకం కాదు, సంధి సరిహద్దును కరిగిస్తుంది. అందువల్ల శ్లేష చెవికి కూడా అఖండంగా అందుతుంది. ద్వ్యర్థికావ్యం మన సాహిత్యంలో ప్రౌఢప్రక్రియ కాగా, డచ్‌లో ఇటువంటి పదాలు చమత్కారానికీ పదవినోదానికీ పరిమితమైన కారణాలలో ఇది ఒకటి కావచ్చు.

మన ఛందశ్శాస్త్రంలోని అఖండయతి చర్చను కూడా ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. సంధిగతమైన సమాసంలో యతిస్థానంలోని అక్షరాన్ని ఉత్తరపదాద్యచ్చుగా విడదీసి చూడాలా, హల్లుతో కూడిన అఖండాక్షరంగా గ్రహించాలా అన్నది లాక్షణికుల మధ్య వాదవిషయం. సారాంశంలో అది డచ్ వర్ణక్రమకర్తలు ఎదుర్కొన్న ప్రశ్నే. కవి చెవికి సరిహద్దు ఇంకా వినిపిస్తున్నదా, లేదా? లాక్షణికులు ప్రయోగశరణ్యులై సమాధానాన్ని వెదికారు. డచ్ దేశంలో ఆ సమాధానాన్ని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది.

ప్రభుత్వం, పదపట్టిక, ప్రజలు

లైడెన్ ఆచార్యుడు మత్తైస్ సీఖన్‌బేక్ 1804లో రూపొందించిన వర్ణక్రమం డచ్‌కు తొలి అధికారిక వర్ణక్రమం. తరువాత బృహన్నిఘంటునిర్మాణం కోసం మత్తైస్ ద ఫ్రీస్, తె వింకల్ పండితులు 1863లో కొత్త వ్యవస్థను ప్రతిపాదించారు. బెల్జియం దానిని 1864లోనే స్వీకరించింది. నెదర్లాండ్స్‌లో అది క్రమంగా స్థిరపడి 1883లో ప్రభుత్వవ్యవహారానికి చేరింది. శిష్టోచ్చారణ, ఏకరూపత, వ్యుత్పత్తి, సాదృశ్యం అనేవి ఆ వ్యవస్థకు ఆధారసూత్రాలు. ‘హంట్’ అని పలికినా బహువచనాన్ని బట్టి డకారాన్నే రాయాలనేది ఏకరూపతాసూత్రం. సమాసంలో ప్రతి అవయవం తన స్వతంత్రరూపాన్ని నిలుపుకోవటానికీ, విభజన అవయవసీమను అనుసరించటానికీ ఈ సూత్రమే బలమిచ్చింది. ఆ నిఘంటువు తొలి భాగం 1864లో వెలువడగా 1998లో పూర్తయింది.

వ్యుత్పత్తిభారాన్ని తగ్గించి ఉచ్చారణకు దగ్గర కావాలని 1891లో కొలెవెయ్న్ ఆరంభించిన ఉద్యమం 1934లో మార్షన్ట్ మంత్రి సంస్కరణలకూ, 1946-47 నాటి చట్టాలకూ దారితీసింది. 1954లో రెండు దేశాల ఉమ్మడి పదపట్టిక వెలువడింది. అట్ట రంగును బట్టి జనం దానిని ‘పచ్చపుస్తకం’ అన్నారు. 1980 ఒప్పందంతో ఏర్పడిన డచ్ భాషాసమాఖ్య ఆధ్వర్యంలో 1995లో, 2005లో సవరణలు జరిగాయి.

1995 సవరణలలో రెండు అంశాలు సమాససంబంధులు. అవయవసీమలో అచ్చులు ఎదురుపడినప్పుడు అంతకుముందు రెండో అచ్చు మీద రెండు చుక్కలు పెట్టేవారు. సముద్రపుబాతును తెలిపే ‘జే-ఏంట్’ వంటి సమాసాలలో ఆ చుక్కలకు బదులు విభజనగీత వచ్చింది. ప్రత్యయాంతపదాలలో చుక్కలు అలాగే ఉన్నాయి. సమాసం, ప్రత్యయాంతం అనే వ్యాకరణభేదం లిపిలో కంటికి కనిపించే భేదమయింది.

రెండోది సంధాయకవర్ణాలకు సంబంధించినది. డచ్ సమాసాలలో అవయవాల మధ్య సకారమో, ‘అన్’ వంటి అక్షరమో వస్తుంది. అవి మూలంలో షష్ఠీవిభక్తి, బహువచన ప్రత్యయాల అవశేషాలు. అలుక్సమాసాలలో విభక్తి నిలిచినట్లు అవి నిలిచాయి. కాలక్రమంలో విభక్తిత్వాన్ని కోల్పోయి, షష్ఠిలో సకారం చెందని స్త్రీలింగపదాలకు కూడా వ్యాపించి, కేవలం సంధాయకాలయ్యాయి. అట్లుపిండితో చేసే ఒక వంటకం పేరు ‘పనకుక్’ అని పలుకబడుతుంది. పూర్వపదానికి బహువచనం ‘అన్’ ప్రత్యయంతోనే ఏర్పడుతుంది కాబట్టి ‘పన్-నన్-కుక్’ అని నకారంతో రాయాలని 1995 నియమం. సూర్యుడు ఒక్కడే కాబట్టి ‘ఎండ’ను తెలిపే సమాసంలో నకారం వద్దన్నారు. పలుకని హల్లును రాయించే ఈ నియమం, దాని అపవాదాలు జనంలో అసంతృప్తిని కలిగించాయి. 2005 సవరణ తరువాత పలు ప్రముఖ పత్రికలు, ప్రసారసంస్థలు పచ్చపుస్తకాన్ని కాదని, 2006లో వెలువడిన ‘తెల్లపుస్తకం’ పద్ధతిని అనుసరించాయి. ఒక సమాసమధ్యంలోని నకారం మీద దేశమంతా వాదులాడుకొన్నదంటే, అక్కడ చర్చనీయమైనది నకారం మాత్రమే కాదు. పదం తమదా, పట్టికదా అన్నది ప్రజల ప్రశ్న.

పాలనాభాష దీర్ఘసమాసాలకు మరొక జన్మస్థానం. పనిచేయలేని స్థితికి గురైన కార్మికుల బీమాకు సంబంధించిన 1966 నాటి డచ్ చట్టం పేరులోని సమాసం 33 వర్ణాలది. దాని పది అక్షరాలు ఇవి: అర్-బెయ్ట్స్-ఒన్-ఖ-స్ఖిక్ట్-హెయ్ట్స్-ఫర్-జే-క-రింగ్. ‘పని’, ‘అశక్తత’, ‘బీమా’ అనేవి అవయవాలు. రెండు సంధాయకసకారాలు రెండు ప్రధానసీమలను సూచిస్తున్నాయి. విభజనలో ప్రతి సకారమూ పూర్వాక్షరానికే చెందుతుంది. ఊనికల హెచ్చుతగ్గులు ఏ అవయవం దేనితో ముందు కలిసిందో తెలుపుతాయి. ఇంత స్పష్టత ఉన్నా జనం ఆ చట్టాన్ని ‘వే-ఆ-ఓ’ అనే మూడు వర్ణాల పేరుతోనే పిలిచారు. కార్యాలయం నిర్మించిన సమాసాన్ని నాలుక తన సౌలభ్యం కోసం తగ్గించుకొన్నది.

యంత్రం ఎదుర్కొన్న సమస్య

ముద్రాక్షరాలను చేతితో కూర్చిన కాలంలో పంక్తి చివర పదాన్ని ఎక్కడ విరవాలో కూర్పరి భాషాజ్ఞానమే నిర్ణయించేది. ఆ పని గణకయంత్రాలకు మారినప్పుడు సమాససీమ సమస్య కొత్తగా ముందుకు వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రానికి చెందిన హ్యూఖో బ్రండ్ట్ కోర్స్టియుస్ 1970లో ప్రకటించిన సిద్ధాంతగ్రంథంలో డచ్ అక్షరవిభజనను యంత్రంతో సాధించే ప్రయత్నం ఉంది. హల్లులు, అచ్చుల క్రమాన్ని బట్టి సామాన్యపదాలను విడదీయటం యంత్రానికి సులువు. ‘క్వర్ట్స్-లాఖన్’ను ‘క్వర్ట్-స్లాఖన్’ నుంచి వేరుచేయటానికి మాత్రం వాక్యార్థం కావాలి. 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లియాంగ్ వర్ణశ్రేణుల నమూనాల ఆధారంగా రూపొందించిన పద్ధతి డచ్‌తో సహా అనేక భాషలకు వర్తింపజేయబడింది. ఆ పద్ధతికి ఆధారం ముందుగానే సరిగా విభజింపబడిన పదపట్టిక. యంత్రం సరిహద్దును స్వయంగా కనుగొనలేదు, మనుషులు గుర్తించి నమోదు చేసిన సరిహద్దుల నుంచే నేర్చుకొంటుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, డచ్ సమాసంలో ఊనిక, అక్షరవిభజన పరస్పరాశ్రితాలు. గౌణమైన ఊనిక ఉన్నంతకాలం ఉత్తరపదం ధ్వనిపదంగా నిలుస్తుంది, సరిహద్దు అక్షరసీమ అవుతుంది. అది పోయిన నాడు ‘లిఖామ్’ వలె సమాసం రూఢిపదమవుతుంది. రెండోది, లిపి ఈ మార్పు కంటే వెనుక నడుస్తుంది. ‘ఆర్డపల్’ వంటి పదాలలో చెవి విడిచిన సరిహద్దును పదపట్టిక నిలుపుతున్నది. మూడోది, ఎక్కడ విరవాలి అనే ప్రశ్న వ్యాకర్త నుంచి ప్రభుత్వానికీ, ప్రభుత్వం నుంచి యంత్రానికీ చేరినా, దానికి సమాధానం వ్యవహర్త స్మృతిలోనే ఉంది.

ఈ చరిత్ర తెలుగుకు ఒక కర్తవ్యాన్ని గుర్తుచేస్తున్నది. పదసరిహద్దును నమోదు చేయటంలో మన సంప్రదాయం డచ్ కంటే ఎంతో ప్రాచీనమైనది. సంహితాపాఠంలో కరిగిన పదాలను పదపాఠం విడదీసి, సమాసావయవాలను సైతం అవగ్రహంతో చూపింది. బాలవ్యాకరణం సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని వర్గీకరించి అవయవజ్ఞానాన్ని శాస్త్రబద్ధం చేసింది. నేడు తెలుగు కూర్పు యంత్రాల చేతికి వచ్చింది. ఇరుకైన పత్రికావరుసలో దీర్ఘసమాసం ఏదో ఒక అక్షరం దగ్గర విరుగుతున్నది. అది అర్థసీమా కాదా అన్నది యంత్రానికి తెలియదు. సంధి వల్ల తెలుగులో అన్ని సీమలనూ చూపటం సాధ్యం కాకపోయినా, చూపగలిగిన వాటిని నిఘంటువులు ప్రతి సమాసానికీ నమోదు చేస్తే కూర్పుకూ, యంత్రానువాదానికీ, సమాసాలను కొత్తగా నేర్చే విద్యార్థికీ అది ఉపకరిస్తుంది. పదపాఠకారుల పద్ధతిని ఆధునికనిఘంటువుకు అన్వయించటమే ఆ పని.

హావర్ట్ గ్రంథశీర్షికలోని చిన్న గీత మూడు శతాబ్దాల క్రితమే ఒక సమాసావయవాన్ని దాని సరిహద్దు దగ్గర నిలిపి చూపింది. ఆ గీత ఉన్నందువల్లనే ‘ఒప్’ తరువాత రావలసిన పదమేదో నేటి పాఠకుడు కూడా సందేహం లేకుండా గ్రహించగలుగుతున్నాడు.